కష్టం నేర్పిన పాఠాల్లో జబ్బు చెప్పే మాటలూ ఉంటాయి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. ఒడిశాలోని గుణుపురంలో కిరాణా షాపు ఉంది. మా ఆవిడకి క్యాన్సర్ వస్తే రెండేళ్లు విశాఖపట్నం చుట్టూ తిరిగాం. ఎనిమిది నెలల క్రితం పోయింది. ఈ కష్టంతో చాలా నేర్చుకున్నాను. ఎవర్నీ నమ్మకూడదు, మన కోసం ఎవరూ రారు, ఏడిస్తే లోకువైపోతాం. మా బావమరిది మాత్రం ఆ రోజుల్లో షాపు చూసుకున్నాడు. ఇప్పుడు షాపు అమ్మేసి ఎటైనా పోదామనిపిస్తోంది. రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, గుండె దడ, ఆరు కిలోలు తగ్గాను. మందుల షాపులో ఇచ్చిన ఆల్ప్రజోలం (ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మాత్ర) నాలుగు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. మానేయొచ్చా? ఇది గుండె జబ్బా?

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. మానాలి, కానీ ఒక్కసారిగా ఆపేయకండి. ఇన్ని నెలలు రోజూ వేసుకున్నాక ఉన్నట్టుండి ఆపితే వణుకు, విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా రావచ్చు, అందుకే డాక్టర్ చూస్తుండగా కొన్ని వారాల మీద డోసు తగ్గించుకుంటూ రావాలి. మద్యం అలవాటు ఉంటే ఈ మాత్రతో కలిపి అస్సలు వద్దు, ఊపిరి మందగించి ప్రాణం మీదకి వస్తుంది.

దడకి ఈసీజీ తీయించండి. దాంతోపాటు థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ కూడా చూడాలి, ఎందుకంటే థైరాయిడ్ ఎక్కువ పనిచేసినా ఇలాగే బరువు తగ్గి, దడ వచ్చి, నిద్ర పట్టదు. రిపోర్టులన్నీ నార్మల్ వస్తే "ఏమీ లేదట" అనుకుని ఇంటికి వెళ్లిపోకండి, అలా వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

మీరు రాసినదాన్ని బట్టి నాకు డిప్రెషన్ అనుమానం ఉంది. దుఃఖం వేరు. అది వచ్చి పోతుంటుంది, ఫొటో చూసి ఏడ్చిన మనిషే సాయంత్రం ఎవరో జోకు వేస్తే నవ్వుతాడు, ఇంత అన్నం తింటాడు. రెండు వారాలు దాటినా దేనిమీదా ఇష్టం లేకపోవడం, తెల్లారకముందే మెలకువ, పొద్దున్నే మరీ దిగులు, బరువు తగ్గడం, ఇవన్నీ కలిసి ఉంటే ఇక వైద్యం కావాలి. రెండూ ఒకేసారి ఉండొచ్చు కూడా.

ఇక మీ పాఠాలు. ఎవరూ రారని రాశారు, ఆ వెంటనే బావమరిది షాపు చూసుకున్నాడనీ మీరే రాశారు. అది చదివి కాసేపు ఆగాను. జ్వరంలో అన్నం చేదుగా ఉంటే బియ్యం పాడయ్యాయని ఎవరూ అనరు కదా, మనసు బాగాలేనప్పుడు మనుషుల గురించి తేల్చేసుకున్న మాటలూ అంతే. అవసరానికి మొహం చాటేసిన చుట్టాలు ఉండే ఉంటారు, ఆ కోపం న్యాయమే. కానీ ఎవర్నీ నమ్మకూడదు, ఏడవకూడదు అనేవి మాత్రం నాకు జబ్బు లక్షణాల్లాగే కనిపిస్తున్నాయి. అందుకే షాపు అమ్మే ఆలోచన ఇప్పుడొద్దు. నిద్ర, ఆకలి కుదుటపడ్డాక కూడా అమ్మాలనిపిస్తే అప్పుడు అమ్ముకోండి, నేనేం అడ్డు చెప్పను.

డిప్రెషన్ మందులు నిద్రమాత్రల్లా అలవాటైపోవు. గుణం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, చాలామంది పదో రోజుకే పనిచేయట్లేదని మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపడమైనా డాక్టర్ చెప్పినట్టే నెమ్మదిగా. వీలైతే కౌన్సెలింగ్ కూడా తీసుకోండి.

బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది. భాష ఇబ్బంది అనుకుంటే విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్లండి, ఆ ఊరు మీకు అలవాటే. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఏ వేళ చేసినా ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. "ఎటైనా పోదాం" అన్నది చచ్చిపోదామన్న అర్థంలో అయితే ఈ రోజే ఆ నంబరుకి ఫోన్ చేయండి, రాత్రిళ్లు ఒంటరిగా ఉండకండి.

డాక్టర్ దగ్గరికి బావమరిదిని వెంట తీసుకెళ్లండి. మాత్రల ఖాళీ షీటు కూడా జేబులో పెట్టుకోండి, డోసు ఎంతో దాన్ని చూసే తెలుస్తుంది.