సాగర్ డ్యాం, సిన్స్-ఫర్, 33 జిల్లాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. డిగ్రీ అయిపోయింది, గ్రూప్-2, గ్రూప్-3కి చదువుతున్నా. జీకే పుస్తకం మూడుసార్లు తిరగేసిన, కానీ మాక్ టెస్ట్‌లో కూర్చుంటే నాగార్జునసాగర్ డ్యాంకి పునాది ఎప్పుడు, నీళ్లు ఎప్పుడు వదిలిండ్రు, ఎడమ కాలువ పేరేంది, అంతా కలగాపులగం అయితున్నది. ఏం చేయాలె?

జవాబు: తమ్ముడూ, నా కథ కూడా అదే. పరీక్షలు రాసే రోజుల్లో ఒక కోచింగ్ సెంటర్‌ల ఫీజు కట్టి చేరితే వాళ్లు బిట్ల కట్ట ఒకటి చేతిలో పెట్టి బట్టీ పట్టుమన్నరు, పొద్దున చదివింది మాపటికి ఉండేది కాదు. మన బుర్రకు బిట్లు గుర్తుండవు, కథ గుర్తుంటది. సాగర్ నీకు పక్కనే ఉన్నది కదా, దాన్నే కథ చేసుకో.

1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967 ఆగస్టు 4న ఆయన బిడ్డ ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. రాయి తండ్రిది, నీళ్లు బిడ్డవి, నడిమిట్ల పదకొండేండ్ల పైన. మరి ఆ ఇద్దరి నడుమ ప్రధాని ఎవరు? లాల్ బహదూర్ శాస్త్రి. ఆయన పేరు మన దిక్కు వచ్చే ఎడమ కాలువకు పెట్టిండ్రు, గుంటూరు దిక్కు పోయే కుడి కాలువ జవహర్ కాలువ. చూసినవా, ఒక్క డ్యాంలనే ముగ్గురు ప్రధానులు వరుసగా దొరికిండ్రు. (మధ్యలో గుల్జారీలాల్ నందా 1964లో, 1966లో రెండుసార్లు తాత్కాలిక ప్రధానిగా ఉన్నడు, పేపర్ తయారుచేసేటోళ్లకు ఇసుంటివంటే మస్తు ఇష్టం.)

ఇంకొకటి, ఎడమ-కుడి అంటే డ్యాంకు ఎదురుగా నిలబడి చూసేది కాదు, నీళ్లు ఎటు పారుతున్నయో అటు మొహం పెట్టి నిలబడాలె. ఇది తెల్వక చాలామంది మార్కు పోగొట్టుకుంటరు.

ఇగ సాగర్ నుంచి కృష్ణానది ఎంబడి అది పుట్టిన చోటి దాకా వెనక్కి పో. మహారాష్ట్రల మహాబలేశ్వర్ దగ్గర పుట్టి, కర్ణాటకల ఆల్మట్టి, నారాయణపూర్ దాటి, నారాయణపేట జిల్లా తంగడి దగ్గర మన రాష్ట్రంలకు వస్తది, తర్వాత జూరాల, అలంపూర్ దాటినంక తుంగభద్ర కలుస్తది, ఆ తర్వాత శ్రీశైలం, సాగర్, పులిచింతల, విజయవాడ ప్రకాశం బ్యారేజీ, ఆఖరుకు హంసలదీవి దగ్గర సముద్రం. "ఎగువ నుంచి దిగువకు వరుసలో పెట్టండి" అనే ప్రశ్నకు ఇంతకంటే ఏం కావాలె? అలంపూర్‌ల ఆగినప్పుడు జోగులాంబ పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఒకటని, నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యులవని పక్కన రాసుకో, చరిత్ర కూడా అయిపోతది. ఒక ఆదివారం జేబుల చార్జీ పైసలు ఉంటే బస్సెక్కి చూసిరా, జన్మల మర్చిపోవు.

ప్రశ్న: ఒక పుస్తకంల తెలంగాణ జిల్లాలు 31 అని, ఇంకో దాంట్ల 33 అని ఉంది. మా అన్న పాత నోట్స్‌ల 10 ఉన్నయి. ఏది కరెక్ట్ సార్? (అచ్చంపేట నుంచి)

జవాబు: మూడూ కరెక్టే, ఎప్పటివి అప్పుడు. 2014 జూన్ 2న 10, 2016 అక్టోబర్ 11న 31, 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కలిసి 33. పాత పాలమూరు జిల్లా ఇప్పుడు మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట. అయితే షాద్‌నగర్ రంగారెడ్డిలకు పోయింది, అది మర్చిపోకు. అన్న నోట్స్ పారెయ్యకు గానీ జిల్లాల పేజీ మాత్రం చింపెయ్.

ప్రశ్న: సార్ నేను టెన్త్ దాకా తెలుగు మీడియం. సూర్యాపేటలో అయిదేండ్ల నుంచి ఉంటున్నా అని ఇంగ్లిష్‌ల "ఐ యామ్ లివింగ్ ఇన్ సూర్యాపేట సిన్స్ ఫైవ్ ఇయర్స్" అని రాస్తే తప్పన్నరు. ఎందుకు తప్పు?

జవాబు: చెల్లె, తప్పు నీది కాదు, మన "నుంచి"ది. తెలుగుల పొద్దటి నుంచి, 2020 నుంచి, అయిదేండ్ల నుంచి, అన్నిటికీ ఒకటే "నుంచి" సరిపోతది. ఇంగ్లిష్‌ల రెండు ఉన్నయి. మొదలైన చోటు చెప్తే సిన్స్, ఎంత కాలమో కొలిచి చెప్తే ఫర్. సిన్స్ 2020, సిన్స్ మండే, ఫర్ ఫైవ్ ఇయర్స్, ఫర్ టూ అవర్స్. అప్పుడు మొదలై ఇప్పటికీ నడుస్తున్నది కాబట్టి యామ్ లివింగ్ కాదు, హ్యావ్ బీన్ లివింగ్.

ఇదొక్కటే కాదు, మన విభక్తులన్నీ ఇంగ్లిష్‌ల ఇట్లనే చొరబడతయి. "దాని గురించి చర్చించినం" అంటం కాబట్టి డిస్కస్డ్ అబౌట్ అని రాస్తం, అక్కడ అబౌట్ అక్కర్లేదు. "మిర్యాలగూడకి చేరిన" అంటం కాబట్టి రీచ్డ్ టు అంటం, టు అక్కర్లేదు. "ఆయనతోని పెండ్లయింది" అని మ్యారీడ్ విత్ పెడతం, మ్యారీడ్ హిమ్ అంటే చాలు. నోట్‌బుక్‌ల ఒక పేజీకి నుంచి, గురించి, కి, తో అని నాలుగు గీతలు గీసి, తప్పు పడ్డప్పుడల్లా ఆ గడిల రాసుకుంటా పో, నెల తిరిగేసరికి ఏ గడి నిండిందో చూస్తే నీ వీక్ పాయింట్ నీకే కనబడతది. ఎర్రర్ స్పాటింగ్ బిట్లల్ల చాలావరకు ఇవే తప్పులు దొరుకుతయి.

ప్రశ్న: ఇంగ్లిష్‌ల ఎమ్మెల్యే ముందు యాన్ ఎందుకు, యూనివర్సిటీ ముందు ఎ ఎందుకు? (కల్వకుర్తి)

జవాబు: అక్షరం చూడకు, నోటితోని పలుకు. ఎమ్మెల్యే "ఎ" శబ్దంతో మొదలైతది, అది అచ్చు, యాన్. యూనివర్సిటీ "య" శబ్దం, హల్లు, కాబట్టి ఎ. అవర్ అన్న మాటల హెచ్ రాస్తరు గానీ పలకరు, అందుకే యాన్ అవర్.

ప్రశ్న: 1952 ఎన్నికల్లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చినాయన మన నల్లగొండ ఆయనేనా?

జవాబు: అవును, రావి నారాయణరెడ్డి. నల్లగొండ లోక్‌సభ స్థానం. పార్టీ పేరు అడిగితే కమ్యూనిస్టు అని టిక్కు పెట్టేరు, అప్పుడు హైదరాబాద్ రాష్ట్రంలో ఆ పార్టీ మీద నిషేధం ఉండె, పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరు మీద నిలబడ్డడు.