ఆరు కిలోలు తగ్గితే తప్పు కాలానిది కాదు

సమస్య: నా వయసు 54. ఈ కాలం వేగం నాకు పడటం లేదు. టీవీ పెడితే ఒకే తెర మీద మూడు స్క్రోలింగులు. యాంకర్ ఊపిరి కూడా తీసుకోడు. పిల్లలు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌ని కూడా స్పీడు పెంచి వింటున్నారు. మా రోజుల్లో రేడియోలో వార్తలు విని హాయిగా పడుకునేవాళ్లం. ఇప్పుడు గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేదు. బాగానే తింటున్నా నాలుగు నెలల్లో 6 కిలోలు తగ్గాను. మా బావమరిది వాడే అల్‌ప్రాజొలామ్ అనే ఆందోళన తగ్గించే మాత్ర రోజూ రాత్రి ఒకటి వేసుకుంటున్నాను, మూడు నెలలైంది. టీవీ, ఫోన్ మానేసి ఊళ్లో ఉంటే తగ్గుతుందా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

సలహా: మీరు టీవీ, ఫోన్ల గురించి వివరంగా రాశారు, బరువు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నాకు ఆందోళన కలిగించింది ఆ వాక్యమే. తిండి తగ్గకుండా మనిషి ఇంత తగ్గాడంటే, పైగా దడ, వణుకు ఉన్నాయంటే, థైరాయిడ్ అతిగా పనిచేస్తోందేమో ముందు చూడాలి. షుగర్ వల్ల కూడా బరువు ఇలా తగ్గవచ్చు. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బని తేల్చి చెప్పలేను. కానీ వేగం మీ ఒంట్లోనే పెరిగి ఉండవచ్చు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే గుండె, పేగులు, ఆలోచనలు అన్నీ పరుగందుకుంటాయి. చెమటలు, చిరాకు, నిద్రలేమి వస్తాయి. ఆ స్థితిలో ఎవరు మాట్లాడినా విసుగ్గానే ఉంటుంది.

చేతులు చాచి, వేళ్ల మీద ఒక తెల్ల కాగితం పరచండి. అంచు సన్నగా అదురుతోందా? ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక, మణికట్టు దగ్గర బొటనవేలి వైపు రెండు మూడు వేళ్లు ఆనించి నాడి నిమిషం పాటు లెక్కపెట్టండి. మామూలుగా 60 నుంచి 100 మధ్య ఉండాలి. ఎక్కువున్నా, లయ తప్పినా డాక్టర్‌కు చెప్పండి. లయ తప్పిన గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఇవి మామూలుగా ఉన్నా సరే, ఈ వారంలోనే ఫిజీషియన్‌ను కలవండి. టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 అనే థైరాయిడ్ పరీక్షలు, షుగర్, హిమోగ్లోబిన్, ఈసీజీ అవసరం కావచ్చు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో ముందే చెప్పండి, థైరాయిడ్ రిపోర్టు తప్పుగా రావచ్చు.

కాలాన్ని తిట్టుకోవడం ఈనాటిది కాదు. అమెరికా నరాల వైద్యుడు జార్జ్ బియర్డ్ 1869లో 'న్యూరస్థీనియా' అనే నరాల నీరసం గురించి రాశారు. 1881లో దానికి కారణాలంటూ ఆవిరి యంత్రం, టెలిగ్రాఫ్, పత్రికలు, సైన్సు, చివరికి ఆడవాళ్ల మేధోశ్రమను కూడా చూపించారు. అప్పటికి ఈసీజీ లేదు, థైరాయిడ్ రక్తపరీక్ష లేదు. ఇప్పుడు రెండూ మన ఊళ్లలోనే ఉన్నాయి. అయినా నాలుగు నెలలు ఆగారు. "టెన్షన్ వల్లే" అని ఇంట్లోనే తేల్చుకుని ఆలస్యంగా వచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. పడుకునే ముందు టీవీ కట్టేయండి, మంచిదే. ఊరికీ వెళ్లండి, కానీ పరీక్షలయ్యాక. పొలం గట్టున కూర్చున్నంత మాత్రాన హార్మోన్ తగ్గదు.

ఇక ఆ మాత్ర. అది మీ బావమరిదికి రాసింది. అల్‌ప్రాజొలామ్ షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అది దడను కొంత కప్పి ఉంచుతుంది, లోపలి కారణాన్ని తాకదు. అలవాటవుతుంది. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. మూడు నెలలు రోజూ వాడాక ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మోతాదు ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి, కాబట్టి ఆ స్ట్రిప్ వెంట తీసుకెళ్లండి. వేసుకున్న విషయం దాచకండి. ఈలోగా ఛాతీనొప్పి, ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం లాంటివి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.