న్యూ ఆర్లీన్స్ వెళ్తున్న మేనకోడలికి

చి. సుజాతకు మామయ్య ఆశీస్సులు.

ఆ ఊళ్ళో కలిసిన సంస్కృతుల మీద వ్యాసం రాయడానికి న్యూ ఆర్లీన్స్ వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. హ్యూస్టన్‌లో అబ్బాయి దగ్గరున్న రోజుల్లో నేను ఆ ఊరు మూడుసార్లు చూశాను. అక్కడి పాత పేటను ఫ్రెంచి క్వార్టర్ అన్నారు కదా, మొదటిసారి అన్నీ ఫ్రెంచివాళ్ళు కట్టినవే అనుకుని తిరిగాను. కాదు, 1788లో 856 ఇళ్ళు కాలిపోయాయి, 1794లో మళ్ళీ మంటలు. ఆ తరవాత స్పెయిన్ ఏలుబడిలో లేచిన ఊరది. మన మండువా లోగిళ్ళలా నడుమ ఆకాశం కనపడే ఇళ్ళు అందుకే. ఫ్రెంచి కాలం నాటిది చూడాలంటే ఛార్ట్రెస్ వీధిలో ఉర్సులైన్ సన్యాసినుల మఠం మిగిలింది. దారి అడిగేటప్పుడు ‘చార్టర్స్’ అను, అక్కడ అలాగే పలుకుతారు.

ముందు మిసిసిపీ కట్ట మీద కాసేపు నిలబడు. 1718లో ఫ్రెంచివాళ్ళు ఊరు కట్టకముందే అక్కడి ఆదివాసులైన చోక్తాలు ఆ తావును బుల్బాంచా అనేవారు. పలు భాషలు వినపడే చోటని అర్థం. రకరకాల తెగలవాళ్ళు సరుకు మార్చుకోవడానికి చేరే రేవు అది.

తరవాత గంబో తిను, అక్కడి చిక్కటి పులుసు అది. అందులో పడ్డవాటిని దేనికది విడదీసి చూడు. బెండకాయ ఆఫ్రికాది, గంబో అనే మాటే బంటు భాషల్లోని బెండకాయ పేరు. చిక్కదనానికి వేసే ససాఫ్రాస్ అనే చెట్టు ఆకుపొడి చోక్తాలది. పిండిని కొవ్వులో ఎర్రగా వేయించడం ఫ్రెంచి వంటింటిది. చాలామంది ఇంతవరకు వచ్చి, అందరూ కలిస్తే రుచి పుట్టిందని రాసి ఊరుకుంటారు. నువ్వు అక్కడ ఆగకమ్మా. ఇది ఏ ఓడలో వచ్చింది, ఎవరు ఇష్టపడి ఎక్కారు, ఎవరిని గొలుసులేసి ఎక్కించారు అని ప్రతిదాన్నీ అడుగు. 1719లో ఆఫ్రికా బానిసలతో మొదటి ఓడలు న్యూ ఆర్లీన్స్ ఉన్న లూసియానా చేరాయి. వరి విత్తనాలూ, వరి సాగు తెలిసిన మనుషులూ వాటిలోనే వచ్చారు. అప్పుడు లూసియానాను నడిపింది ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ. 1723లో మన యానాంలో దిగిన కంపెనీ అదే. కోరమండల్ తీరపు నేత బట్టలు ఆఫ్రికా రేవుల్లో మనుషుల్ని కొనడానికి చెల్లాయి. ఆ సంగతి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన మగ్గాల మీది గుడ్డ ఆ బేరంలో ఉంది. వ్యాసంలో దీన్ని దాటెయ్యకు.

హైతీలో బానిసల తిరుగుబాటు తరవాత క్యూబాకు పారిపోయినవాళ్ళు 1809-10లో తొమ్మిది వేలకు పైగా వచ్చి పడ్డారు, ఊరు రెట్టింపయింది. దానికి ఒక పేరా చాలు. బియ్యంతో చేసే ‘కాలా’ అనే తీపి బూరెలు వీధుల్లో అరుచుకుంటూ అమ్మిన నల్లజాతి ఆడవాళ్ళకు మాత్రం ఒక పేజీ ఇవ్వు. స్పెయిన్ ఏలుబడిలో చట్టం ప్రకారం బానిస తన వెల తానే కట్టి విడుదల పొందే వీలుండేది. అలా పైసా పైసా కూడబెట్టుకుని బయటపడి, బిడ్డల్ని కూడా విడిపించుకున్న తల్లులున్నారు.

ఆదివారం అక్కడ ఉండేలా టిక్కెట్లు తీసుకో. బానిసలు ఆదివారాల్లో ఎక్కడపడితే అక్కడ కూడకుండా 1817లో నగర పాలకులు ఒక్క చోటుకే కట్టడి చేశారు. ఆ చోటే కాంగో స్క్వేర్, ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ పార్కులో ఉంది. మధ్యాహ్నం పూట అక్కడ ఇప్పటికీ డోళ్ళు మోగుతాయి. ఫోను సంచిలో పెట్టేసి, ఓక్ చెట్టు కింద గంటసేపు కూర్చుని విను.

మీ మామయ్య