ఆపదలో అక్కరకు వచ్చే ఫోన్ ఏది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా అమ్మగారికి 74 ఏళ్లు. అమలాపురం దగ్గరి పల్లెలో ఒంటరిగా ఉంటున్నారు. రెండేళ్ల కిందట కొనిచ్చిన స్మార్ట్‌ఫోన్ తన వల్ల కాదని పక్కన పెట్టేశారు. రోజువారీ మాటలన్నీ పక్కింటి వారి ఫోన్‌తోనే సాగిపోతున్నాయి. అర్ధరాత్రి ఒంట్లో బాగా లేకపోతే ఎవరినైనా పిలవడానికి మాత్రం ఒక ఫోన్ ఆమె చేతికి అందేలా ఉండాలని నా తాపత్రయం. 1,500 రూపాయల లోపు ఏది మంచిది? (ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: మీరు ఫోన్ సంగతి అడిగారు గానీ, ముందుగా తేలవలసింది మీ అమ్మగారి ఇంట్లో ఏ కంపెనీ సిగ్నల్ అందుతుందన్న విషయం. ఈసారి ఊరు వెళ్లినప్పుడు వేర్వేరు కంపెనీల సిమ్‌లున్న రెండు మూడు ఫోన్లు వెంట తీసుకెళ్లి, ఆమె పడుకునే మంచం దగ్గర, వంటింట్లో, పెరట్లోని స్నానాల గదిలో తలుపు వేసుకుని, ఒక్కొక్క చోట నుంచీ ఒక్కొక్క కాల్ చేసి చూడండి. వీధి అరుగు మీద నిండుగా కనిపించే సిగ్నల్ శ్లాబు ఇంటి లోపలి గదిలోకి వచ్చేసరికి ఒక్క గీతకు పడిపోవడం మన పల్లెల్లో మామూలే. పెద్దవాళ్లు జారిపడేది ఎక్కువగా స్నానాల గదిలోనే కాబట్టి అక్కడ పలికే సిమ్మే మీకు కావలసిన సిమ్. సిమ్ తేలాక ఫోన్ ఎంపిక సగం అయిపోయినట్టే.

ఎందుకంటే జియోకు పాతతరం 2జీ నెట్‌వర్క్ లేదు. దాని సిమ్‌ను వెయ్యి రూపాయలకు దొరికే మామూలు 2జీ బటన్ల ఫోన్‌లో వేస్తే అది పనిచేయదు. జియో సిగ్నలే బాగుందనుకుంటే 4జీ బటన్ల ఫోన్ తీసుకోక తప్పదు. ఆ కంపెనీయే 2023 జూలైలో 999 రూపాయలకు తెచ్చిన జియో భారత్ ఫోన్ మీ లెక్కకు సరిపోతుంది గానీ, అందులో మరో కంపెనీ సిమ్ పనిచేయదని గుర్తుంచుకోండి. ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాలు 2జీని ఇంకా నడుపుతున్నాయి కాబట్టి వాటి సిమ్‌కు 2జీ ఫోన్ ఈ రోజుకు చాలు. ఎయిర్‌టెల్ తన 3జీని కొన్నేళ్ల కిందటే ఎత్తేసిన సంగతి చూస్తే, పాత సాంకేతికత ఎప్పటికీ నడుస్తుందని భరోసా పెట్టుకోవడం మాత్రం కుదరదు. మరో వెయ్యి రూపాయలు పెట్టగలిగితే ఏ కంపెనీ సిమ్ అయినా తీసుకునే 4జీ బటన్ల ఫోన్, అదీ రెండు సిమ్‌లది, కొనడమే మేలని నా అభిప్రాయం. రెండో సిమ్ గదిలో మరో కంపెనీ సిమ్ వేసి ఉంచితే ఒక టవర్ మొరాయించిన రోజున రెండోది ఆదుకుంటుంది. అయితే ఆ రెండో సిమ్‌కూ రీచార్జి భారం ఉంటుంది. అది మీ వెసులుబాటును బట్టి.

దుకాణంలో ఫోన్‌ను చేతిలోకి తీసుకున్నప్పుడు చూడవలసినవి కెమెరా, పాటలు కావు. అంకెల బటన్లు ఒకదానికొకటి అతుక్కుపోకుండా ఎడంగా, వేలికి తగిలేంత ఉబ్బుగా ఉండాలి. కళ్లు మూసుకుని మధ్యలోని 5 అంకెను వేలితో తడిమి పట్టుకోగలుగుతున్నారేమో చూడండి. చాలా ఫోన్లలో దాని మీద చిన్న బొడిపె ఉంటుంది. టార్చి వెలిగించడానికి మెనూలోకి వెళ్లవలసిన అవసరం లేకుండా ఒక్క బటన్‌తో పని జరగాలి. ఒకప్పుడు ఇంటింటా కనిపించిన నోకియా 1100 2003లో వచ్చింది. మాటలు ఎలాగూ వినిపించేవి గనుక, పల్లెల్లో దాన్ని ఆదరించింది ఆ తలకాయ దగ్గరి టార్చి కోసమేనని నేను ఇప్పటికీ నమ్ముతాను. బ్యాటరీ ఊడదీసి మార్చుకునేదై ఉంటే మంచిది. చార్జరు పిన్ను మాత్రం పక్కింటి చార్జరుతో కలిసేదే కావాలి. పాతకాలపు సన్న పిన్ను ఫోన్ తీసుకుంటే ఆ ఒక్క చార్జరు పాడైన రోజున ఫోన్ కూడా పడుకుంటుంది.

ఒక చిన్న చిక్కు గురించి ముందే చెబుతాను. అమ్మగారి పాత స్మార్ట్‌ఫోన్‌లోని సిమ్ గోరంత నానో సిమ్ అయి ఉంటుంది. కొన్ని బటన్ల ఫోన్లలో సిమ్ గది దానికంటే పెద్దది. ప్లాస్టిక్ చట్రంలో బిగించి వేస్తే అప్పటికి పనిచేస్తుంది గానీ, ఫోన్ ఒకసారి కింద పడగానే సిమ్ కదిలి ‘సిమ్ లేదు’ అని చూపిస్తుంది. దుకాణానికి వెళ్లి ఆ ఫోన్‌కు సరిపోయే కొలతలో అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకోండి.

ఇక ఆపద బటన్. 2017 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ ఇది ఉండాలని కేంద్ర టెలికాం శాఖ నిబంధన పెట్టింది. బటన్ల ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోన్లలో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే 112కు కాల్ వెళ్లాలన్నది దాని సారాంశం. పోలీసు, అగ్నిమాపక, అంబులెన్సు సేవలన్నిటికీ 112 ఒకే నంబరు. సరదాకు నొక్కి చూడవద్దు. పొరపాటున కాల్ వెళ్తే కంగారుగా పెట్టేయకుండా, పొరపాటున నొక్కుకుపోయిందని అవతలి వారికి చెప్పి అప్పుడు పెట్టేయమని అమ్మగారికి నేర్పండి. ఆమె వయసు వారికి 108 అంకె నోట నానినంతగా 112 నాని ఉండదు; 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆ కుయ్యి కుయ్యి బండి పేరే మనలో చాలామందికి అంబులెన్సుకు మారుపేరైపోయింది. 108ని కూడా ఒక అంకె కింద దాచి పెట్టండి.

అంకెను నొక్కి పట్టుకోగానే కాల్ వెళ్లే సదుపాయం దాదాపు అన్ని బటన్ల ఫోన్లలోనూ ఉంటుంది. 5, 9 అంకెలను ముట్టుకోకుండా 2, 3, 4 అంకెలకు మనుషుల పేర్లు పెట్టండి. ఇక్కడ ఒక మాట నిష్ఠూరంగా అనిపించినా చెప్పక తప్పదు: 2వ అంకె కింద మీ పేరు పెట్టకండి. మీరు బెంగళూరు నుంచి ఎంత వేగంగా బయలుదేరినా తెల్లవారుతుంది. 2వ అంకె పక్కింటి వారిది, 3వది ఊళ్లో రాత్రివేళ పిలిస్తే పలికే ఆటో అబ్బాయిది, 4వది 108ది కావాలి. మీ నంబరు ఆ తర్వాత, 6వ అంకె కింద ఉంటుంది. ఈ వరుసను తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి మంచం పక్క గోడకు అంటించండి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది రీచార్జి గురించి. బాపట్ల వైపు ఉండే మా మేనమామగారి కోసం వాళ్లబ్బాయి ఇలాగే ఒక అత్యవసర ఫోన్ కొనిచ్చాడు. అత్తయ్య దాన్ని గీత పడకుండా జేబురుమాలులో చుట్టి, బీరువాలో పట్టుచీరల కింద భద్రపరిచింది. నెలకొకసారి తీసి చార్జింగ్ పెట్టి మళ్లీ అక్కడే దాచేది. మామయ్య కాలు జారి పడిన రాత్రి ఫోన్ తీస్తే చార్జింగ్ నిండుగా ఉంది, సిమ్ మాత్రం ఎప్పుడో మూగబోయింది. వ్యాలిడిటీ అయిపోయిందని ఇంగ్లిషులో వచ్చిన సందేశాలు వరుసగా పదకొండు, ఒక్కటీ తెరవనివి, ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. చివరికి ఎదురింటి కుర్రవాడి ఫోన్‌తో పని గడిచింది.

నిబంధన ఏమిటంటే, ప్రీపెయిడ్ నంబరును 90 రోజులపాటు ఏ విధంగానూ వాడకపోతే కంపెనీ దాన్ని రద్దు చేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే ఆ మొత్తం మినహాయించుకుని మరో 30 రోజులు నిలపాలి. ఇది నంబరు బతికి ఉండటానికి మాత్రమే పనికొస్తుంది, మాట్లాడటానికి వ్యాలిడిటీ ఉన్న రీచార్జి వేరే కావాలి. మనకు కావలసింది బయటికి పోయే కాలే కదా, లోపలికి వచ్చేది ఆగినా ఫరవాలేదు అనుకోకండి. అంబులెన్సు డ్రైవరు ఊరి మొగలో ఆగి, ఏ సందులోకి రావాలని తిరిగి ఫోన్ చేసేది ఆ నంబరుకే.

ఇంటర్నెట్ అక్కరలేని వారి కోసం కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉన్న రీచార్జీలు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది. అలాంటి ప్రత్యేక రీచార్జీల గడువును 90 రోజుల నుంచి 365 రోజుల దాకా పెంచుకోనిచ్చింది. ఆ ప్రకారం 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 84 రోజులకు 469 రూపాయలు, ఏడాదికి 1,849 రూపాయలు; జియో 84 రోజులకు 448 రూపాయలు, 336 రోజులకు 1,748 రూపాయలు నిర్ణయించాయి. ఈ ధరలు మారుతూ ఉంటాయి కనుక రీచార్జి చేసే రోజున సరిచూసుకోండి. ఏడాది రీచార్జి ఖరీదు మీరు అనుకున్న ఫోన్ ఖరీదును మించిపోవడం చూశారా? ఫోన్‌లో మూడు నాలుగు వందలు మిగిల్చుకోవడానికి నాలుగు దుకాణాలు తిరిగే బదులు ఏడాది రీచార్జి ఒకేసారి చేయించి, గడువు తేదీని మీ ఫోన్‌లో గుర్తు పెట్టుకోండి. అమ్మగారు గుర్తుంచుకోవలసిన బాధ్యత అది కాదు.

ఆమె చేయవలసింది ఒకటే. ప్రతి ఆదివారం ఉదయం ఆ ఫోన్ నుంచే, ఆమే స్వయంగా అంకె నొక్కి, మీకు ఒక కాల్ చేయాలి. ఆ తర్వాత చార్జింగ్ పెట్టాలి. మిగతా రోజుల్లో ఫోన్ స్విచాఫ్ చేయకుండా, బీరువాలో కాకుండా, తలగడ పక్కన గానీ మెడలో తాడుకు గానీ ఉండాలి.

ప్రశ్న: మా ఇంట్లో మూలపడి ఉన్న పాత స్మార్ట్‌ఫోన్‌నే కారులో అత్యవసర ఫోన్‌గా ఉంచుకోవచ్చా? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: ఉంచుకోవచ్చు గానీ ముందు దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి చూడండి. వీపు ఉబ్బి ఫోన్ బొంగరంలా తిరుగుతుంటే బ్యాటరీ పొంగిందని అర్థం, దాన్ని చార్జింగ్ కూడా పెట్టకూడదు. బాగుంటే, 4జీ మీద మాట వెళ్లే సదుపాయం అందులో ఉందో లేదో సిమ్ వేసి ఒక కాల్ చేసి తేల్చుకోండి. మొదటితరం 4జీ ఫోన్లు కొన్నిటిలో ఇంటర్నెట్ వస్తుంది గానీ జియో సిమ్‌తో మాట పోదు. ఎండాకాలం తలుపులు మూసిన కారులో వేడి లిథియం బ్యాటరీని త్వరగా చంపేస్తుంది, కాబట్టి ఫోన్‌ను అద్దం దగ్గర డాష్‌బోర్డు మీద కాకుండా దిగేటప్పుడు వెంట తీసుకెళ్లే సంచిలో ఉంచండి. అరుదుగా వాడే ఫోన్‌ను సగం చార్జింగ్‌తో స్విచాఫ్ చేసి, నెలకొకసారి తీసి చూసుకోవాలి. పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీని నెలల తరబడి అలాగే వదిలేస్తే అది మళ్లీ చార్జింగ్ తీసుకోకపోవచ్చు. కారు ఫోన్‌కు ఈ పద్ధతి సరే గానీ, పై జవాబులోని పెద్దవారి ఫోన్‌కు వర్తించదు.

ప్రశ్న: ఆబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో వాడిన బటన్ల ఫోన్లు చౌకగా దొరుకుతాయని విన్నాను. కొనవచ్చా? (ఒక పాఠకుడు, నల్గొండ)

జవాబు: డబ్బులిచ్చే ముందు ఆ ఫోన్‌లో *#06# నొక్కండి. కనిపించే 15 అంకెల ఐఎంఈఐ నంబరును (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకుని, మీ సొంత ఫోన్ నుంచి ఇంగ్లిషు అక్షరాల్లో కేవైఎం అని టైపు చేసి, కొంచెం ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు చేర్చి 14422కు ఎస్సెమ్మెస్ పంపండి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లోనూ ఇదే వివరం తెలుస్తుంది. నిషేధిత జాబితాలో ఉందనో, నకిలీ అనో జవాబు వస్తే అక్కడే వదిలేయండి. పోగొట్టుకున్న యజమాని ఫిర్యాదు చేసినప్పుడు ఆ నంబరును నెట్‌వర్కులన్నిటిలోనూ ఆపేస్తారు. సరిగ్గా అవసరం పడిన రోజునే మీ ఫోన్ పలకదు. కొత్తదానికీ వాడినదానికీ తేడా నాలుగైదు వందలే అయితే నేను కొత్తదే కొంటాను.

ప్రశ్న: వరద వచ్చి కరెంటు పోతే ఇలాంటి ఫోన్ పనికొస్తుందా? (ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరదకు సింగ్ నగర్‌లో కరెంటు లేని రోజులు చూసినవారు మీరు, ఆ ప్రశ్న ఊరికే అడగలేదని తెలుసు. స్మార్ట్‌ఫోన్ ఒక రోజుకే చల్లబడుతుంది. కొత్త బ్యాటరీ ఉన్న బటన్ల ఫోన్ మాటలు తగ్గిస్తే కొన్ని రోజులు నిలుస్తుంది. అయితే టవర్లు కూడా బ్యాటరీల మీద, డీజిల్ మీద నడిచేవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చేతిలో ఫోన్ ఉండి కూడా మాట కలవక జనం ఇబ్బందిపడ్డారు. కాల్ కలవనప్పుడు పదేపదే ప్రయత్నించి చార్జింగ్ ఖర్చు చేసుకోకండి. ‘ఫలానా వీధి, రెండో అంతస్తు, నలుగురం, మందులు కావాలి’ అని ఒక ఎస్సెమ్మెస్ రాసి ఇద్దరికి పంపండి. నెట్‌వర్క్ రద్దీగా ఉన్నప్పుడు కాల్‌కు దొరకని సందు దానికి దొరకవచ్చు. తుపాను హెచ్చరిక వచ్చిన సాయంత్రమే ఫోన్‌ను నిండా చార్జింగ్ పెట్టి, ముఖ్యమైన నంబర్లు రాసిన కాగితంతో పాటు ప్లాస్టిక్ సంచిలో ముడివేసి, అటక మీద పెట్టుకోండి.