పిత్తనాళాలు పూడాయా, తరిగాయా?

సందేహం: మా బంధువుకు హాడ్జ్‌కిన్ లింఫోమా (లింఫు గ్రంథుల్లో వచ్చే ఒక క్యాన్సర్). కామెర్లు, దురద తగ్గకపోతే లివర్ బయాప్సీ చేశారు. తీసిన ముక్కలో లింఫోమా కణాలు లేవని, 12 పోర్టల్ ట్రాక్టుల్లో (కాలేయం లోపల సన్నటి రక్తనాళాలు, పిత్తనాళం కలిసి సాగే చోట్లు) 8 చోట్ల పిత్తనాళం లేదని రిపోర్టు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం తెలుగులో ఇలా రాశాను: “లింఫోమా కాలేయానికి పాకడంతో పిత్తనాళాలు పూడుకుపోయి సగం కాలేయం క్షయించింది.” సరేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: వ్యాకరణానికి వంక లేదు. క్రియలే రిపోర్టులో లేని జబ్బులు చెబుతున్నాయి.

‘లివర్‌కు పాకింది’ అంటే క్యాన్సర్ కణాలు అక్కడ చేరాయనే అందరికీ అర్థం. హాడ్జ్‌కిన్‌లో అది నాలుగో దశ. ఈ లింఫోమా ఉన్న కొద్దిమందిలో, కణాలు కాలేయంలో కనిపించకపోయినా సన్నటి పిత్తనాళాలు పోతాయి. మీ రిపోర్టు చెప్పేది ఆ సంగతి. అలాగని ‘లింఫోమా వల్ల’ అని మీరు తేల్చేయకండి. అమాక్సిసిలిన్–క్లావులనేట్ లాంటి మందుతోనూ ఇలా జరగొచ్చు.

‘పూడుకుపోవడం’ ఇంకా చిక్కు. కాలువ పూడితే పూడిక తీస్తాం. రాయో గడ్డో అడ్డుపడి పెద్ద నాళం మూసుకుంటే స్టెంట్ వేస్తారు. అప్పుడు పై నాళాలు ఉబ్బి స్కాన్‌లో కనబడతాయి. ఇక్కడ పోయినవి మైక్రోస్కోపు కింద చూడాల్సినంత సన్నవి. మీ వాక్యం చదివిన పెద్దాయన ‘స్టెంట్ ఎందుకు వెయ్యరు?’ అని డాక్టరును నిలదీస్తాడు.

‘క్షయించింది’ కొట్టేయండి. క్షయ అంటే మనవాళ్లకు టీబీ. జ్వరం, మెడ దగ్గర గడ్డలు, బరువు తగ్గడం రెండు జబ్బుల్లోనూ ఉంటాయి, అనుమానం ఊరికే పోదు. ఇక ‘సగం కాలేయం’ లెక్కే తప్పు. 12లో 8 అన్నది పోర్టల్ ట్రాక్టుల లెక్క, కాలేయం బరువు కాదు. ముక్కలో సుమారు 10 ట్రాక్టులైనా ఉండి, సగానికి మించినవాటిలో నాళం లేకపోతేనే ఈ జబ్బు పేరు (వానిషింగ్ బైల్ డక్ట్ సిండ్రోమ్, అంటే పిత్తనాళాలు మాయమయ్యే జబ్బు) రాస్తారు.

‘మాయమయ్యాయి’ అంటే ఎక్కడికి పోయాయని అడుగుతారు. ‘నశించాయి’ అంటే ఇక రావని అర్థం. నా ఓటు ‘తరిగిపోయాయి’కి. లెక్క తగ్గిందనీ, కొద్దికొద్దిగా తగ్గిందనీ రెండూ అందులో ఉన్నాయి. మళ్లీ పెరగవని మాత్రం అనదు. లింఫోమా చికిత్సకు లొంగాక కొందరిలో కామెర్లు తగ్గి లివర్ కోలుకుంటుంది. కొందరిలో లివర్ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది, అదీ నిజమే.

పిత్తానికి ‘పసరు’ అని రాయాలనిపిస్తుందేమో, వద్దు. చిత్తూరు పల్లెల్లో కామెర్లంటే ముందు గుర్తొచ్చేది నేలఉసిరి పసరు. ‘పసరు దిగడం లేదు’ అని రాస్తే ఇంకో గ్లాసు తాగిస్తారు. ‘పైత్యం’ తలతిప్పుడికీ తిక్క చేష్టలకీ పోయింది. ‘పిత్తాశయం’ వేరే అవయవం: కోడిని కోసేటప్పుడు చితికితే కూరంతా చేదెక్కించే ఆ పచ్చటి తిత్తి. ‘పిత్తరసం’ చాలు.

ఇలా రాయండి: “లివర్ నుంచి తీసిన ముక్కలో లింఫోమా కణాలు కనిపించలేదు. పిత్తరసాన్ని బయటికి తెచ్చే సన్నటి నాళాలు తరిగిపోయాయి. చూసిన 12 చోట్లలో 8 చోట్ల లేవు. పిత్తరసం సరిగా బయటికి పోక కామెర్లు, దురద వస్తున్నాయి.”

చివరి వాక్యం రిపోర్టులో ఉండదు. డాక్టరుకు ఒకసారి చూపించి ఉంచండి. ఇంట్లోవాళ్లు మొదట అడిగేది దురద సంగతే.