స్నేహితురాలి మాత్రతో థీసిస్ ముందుకు సాగదు

ప్రశ్న: నా వయసు 29. పీహెచ్‌డీ చేస్తున్నాను. థీసిస్‌లో రెండు అధ్యాయాలు మిగిలాయి. నాలుగు నెలలుగా ఒక్క పేజీ రాయలేదు. ఫైలు తెరిచి అలాగే చూస్తూ కూర్చుంటున్నాను. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. బరువు పెరిగాను, జుట్టు రాలుతోంది. ఇంట్లో బద్ధకమంటున్నారు. స్నేహితురాలు ఇచ్చిన మోడాఫినిల్ మూడు వారాలుగా వేసుకుంటున్నాను. ఎన్నాళ్లు వాడొచ్చు? పని మళ్లీ మొదలయ్యే మార్గం చెప్పండి.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఇంకొకరి కోసం రాసిన మందును ఒక్క రోజు కూడా వాడకూడదమ్మా. మోడాఫినిల్ ప్రధానంగా పగటిపూట ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే జబ్బులకు వైద్యులు రాసే మందు. అసలే నిద్ర పట్టని మీకు అది ఉన్న నిద్రనూ చెడగొట్టవచ్చు. ఆందోళన, గుండెదడ పెంచవచ్చు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే, దీన్ని ఆపిన తరువాత కూడా నెల రోజుల వరకు వాటిపై భరోసా పెట్టుకోలేం. ఒంటిపై దద్దుర్లు, నోట్లో పుండ్లు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీ లక్షణాలను బద్ధకమని కొట్టిపారేయలేం. బరువు పెరగడం, జుట్టు రాలడం ఉన్నాయి కాబట్టి థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, విటమిన్ బి12 పరీక్షలు చేయించుకోండి. మహిళల్లో హిమోగ్లోబిన్ 12 గ్రాములలోపు ఉంటే రక్తహీనతే. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందే ఆపాలి, లేకపోతే థైరాయిడ్ ఫలితం తప్పుగా రావచ్చు.

వేకువనే మెలకువ రావడం, చేయాలని ఉన్నా చేయి కదలకపోవడం కుంగుబాటులోనూ చూస్తాం. మిమ్మల్ని పరీక్షించకుండా అదేనని చెప్పలేను. కానీ ఇలా రెండు వారాలు ఉన్నా చాలు, వైద్యులను కలవాలి, మీరు నాలుగు నెలలు ఆగారు. ఈ వారంలోనే మానసిక వైద్యులను కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ క్షణమే ఇంట్లోవాళ్లకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు.

ఇక పని సంగతి. ఉత్సాహం వచ్చాక రాద్దామని ఎదురుచూడవద్దు, మొదలుపెట్టాకే అది వస్తుంది. రోజూ ఒకే వేళకు అరగంట కూర్చోండి. కొత్త అధ్యాయం జోలికి పోకుండా, ముందు పాతదాంట్లో ఒక పట్టిక సరిచేయండి. మీ గైడ్‌కు పరిస్థితి చెప్పండి.

రిపోర్టు చూసుకుని థైరాయిడ్ మాత్రలు మీరే కొనుక్కోవద్దు. ఎంత మోతాదు కావాలో, అసలు అవసరమో లేదో మీ వైద్యులే చెప్పాలి.