అరటికాయ వేపుడు పడుతోంది, అరటిపండు పడట్లేదు... ఎందుకు?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నా వయసు 27. నాలుగేళ్లుగా రొయ్యల ప్లాంట్‌లో ఒలిచే పనికి వెళ్తున్నాను. ఏడాది నుంచి అరటిపండు తింటే చాలు, రెండు మూడు నిమిషాల్లో పెదాలు, అంగిలి దురద పుడుతున్నాయి. పోయిన నెల చక్కెరకేళి పళ్లు రెండు తిన్నాక పై పెదవి వాచింది, గొంతులో ఏదో అడ్డం పడినట్టయింది. గంటలో తగ్గిపోయింది. అరటికాయ వేపుడు, బజ్జీ ఎంత తిన్నా ఏమీ కాదు. ప్లాంట్‌లో చేతులు కూడా దద్దురెక్కుతున్నాయి. అంతా రొయ్యల వల్లేనని మా అత్తగారు, కార్బైడు పెట్టి మగ్గేసిన కాయలని మా ఆయన. కానీ మేం తినేవి పెరట్లో చెట్టువి, ఏ మందూ కొట్టం. నాకిప్పుడు ఐదో నెల. మొదటి కాన్పు ఆపరేషనే. అప్పుడు బల్ల మీదే ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, ఏదో ఇంజక్షన్ పడలేదన్నారు. ఈసారీ ఆపరేషనే అంటున్నారు. అరటిపండు మానేస్తే సరిపోతుందా? పుట్టబోయే బిడ్డకూ ఇది వస్తుందా?
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది అరటిపండు కాదు. ఆపరేషన్ బల్ల మీద దద్దుర్లు లేచాయని చివర్లో మామూలుగా రాసేశారే, ఆ మాట. నా అనుమానం రొయ్య మీదా లేదు, కార్బైడు మీదా లేదు. మీరు రోజూ ఎనిమిది గంటలు తొడుక్కునే రబ్బరు గ్లోవ్స్ మీద ఉంది.

ముందు రొయ్య సంగతి తేల్చేద్దాం. రొయ్య పడనివాళ్లలో ఎక్కువమందికి గొడవ తెచ్చేది దాని కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రొటీన్. అది ఉడికించినా, వేయించినా చావదు. మీకు రొయ్య పడకపోతే రొయ్యల ఇగురు తిన్న రోజే తెలిసిపోయేది. కూర తిన్నప్పుడు ఏమైనా అయిందని మీరు రాయలేదు కాబట్టి ఏమీ కాలేదనే అనుకుంటున్నాను. పొరపాటైతే చెప్పండి, కథ మారుతుంది.

ఇక రబ్బరు. గాటు పెడితే రబ్బరు చెట్టు పాలు కారుస్తుంది. మన కోసం కాదు, గాయాన్ని మూసుకోవడానికి, ఆ గాయంలోంచి పురుగూ బూజూ లోపలికి రాకుండా చూసుకోవడానికి. ఆ పాలలో హెవీన్ అనే బుల్లి ప్రొటీన్ ఉంటుంది. ఉన్నవి 43 అమైనో ఆమ్లాలే (ప్రొటీన్‌ను కట్టే ఇటుకలవి). దానికి వచ్చిన విద్య ఒక్కటే, కైటిన్ కనబడితే పట్టుకోవడం. కైటిన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు, రోజూ గుట్టలు గుట్టలుగా ఒలిచి పారేస్తున్నారు. రొయ్య పెంకులో ఉండేది అదే. పురుగు ఒంటి మీది పెంకులోనూ, దాని పేగు లోపలి పొరలోనూ, బూజు గోడల్లోనూ ఉండేది అదే. మన ఒంట్లో మాత్రం అలాంటి కట్టడం లేదు.

అరటి కూడా అదే దారి పట్టింది. పండులో కైటినేజ్ అనే ప్రొటీన్ ఉంటుంది, అది కైటిన్‌ను ముక్కలు చేసే కత్తెర. ఆ కత్తెర పిడి అచ్చం హెవీన్ పోలికే. నాలుగేళ్లుగా చెమట పట్టిన చేతుల్లోంచి, ఒరుసుకుపోయిన చర్మంలోంచి రబ్బరు ప్రొటీన్ మీ ఒంట్లోకి వెళ్తోంది. మీ రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా రాసిపెట్టుకుని ఉంటుంది. తర్వాత అరటిపండులో అదే ముఖం కనిపించింది. పాపం దానికేం తెలుసు, ఇది గ్లోవు కాదు పండు అని! స్పెయిన్ వైద్యులు 1994లోనే ఈ చుట్టరికాన్ని గుర్తించి లేటెక్స్-ఫ్రూట్ సిండ్రోమ్ అన్నారు, లేటెక్స్ అంటే రబ్బరు పాలే. రబ్బరు పడనివాళ్లలో 30 నుంచి 50 శాతం మందికి ఏదో ఒక పండు పడదని లెక్క. అరటి, బొప్పాయి, అవకాడో, కివీ ఆ జాబితాలో ముందుంటాయి.

పెరటి చెట్టు, మందు కొట్టని పండు అని మీరు రాసింది చదివి నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి. మా ఓపీలో వారానికొకసారైనా వినే మాటే ఇది. మనం మందు కొట్టకపోతే మొక్క చేతులు కట్టుకు కూర్చోదు. ఆకుల మీద సిగటోక మచ్చ తెగులు వచ్చినా, పురుగు కొరికినా, ఎండకు వాడినా తన మందు తనే తయారు చేసుకుంటుంది. మీకు పడనిది ఆ సొంత మందే. కాకపోతే మీ ఆయన మాటలోనూ ఓ పిసరు నిజముంది. కార్బైడు నుంచి వచ్చే వాయువులాగే కాయను మగ్గించే ఇథిలీన్ వాయువు తగిలితే మొక్కల్లో ఈ రకం కైటినేజ్‌లు పెరుగుతాయని ప్రయోగాల్లో తేలింది. కానీ చెట్టున పండే పండు కూడా ఇథిలీన్‌ను తనే వదులుతుంది కదా. కార్బైడుతో మగ్గేయడం మన దేశంలో నిషేధం, అది వేరే కారణాలకు. మీ పెదవి వాపు కేసులో మాత్రం దాన్ని వదిలేద్దాం.

వేపుడు ఎందుకు పడుతోందంటే, ఈ కైటినేజ్ వేడికి తట్టుకోలేదు. మూకుట్లో వేగేసరికి దాని ఆకారం చెదిరిపోతుంది, మీ ఒంటికి గుర్తు దొరకదు. కాబట్టి వేపుడూ బజ్జీలూ మానక్కర్లేదు. అయితే ఇది విని చుట్టుపక్కలవాళ్లకు 'బాగా ఉడికిస్తే ఏ ఎలర్జీ ఉండదట' అని చెప్పకండి. గింజల దారి వేరు. ఆవాలు, నువ్వులు, జీడిపప్పు, వేరుశనగల్లో 2ఎస్ ఆల్బుమిన్లనే ప్రొటీన్లుంటాయి. గంధకపు ముడులతో గట్టిగా బిగించి ఉంటాయి, వేడికీ లొంగవు, కడుపులో ఆమ్లానికీ ఓ పట్టాన లొంగవు. వీటిలో కొన్ని గింజను తినడానికొచ్చిన పురుగుకు అరుగుదల కాకుండా అడ్డం పడతాయి. ఆవాలు పడని మనిషికి పనసపొట్టు కూరలో ఆవ పెడితే, కూర ఎంత మగ్గినా ప్రమాదం ప్రమాదమే. నిల్వ మినుములకు పుచ్చు పడుతుంటే 'ఈ పప్పుకు ఏ రక్షణా లేదు' అనుకుంటాం. ఉంది, పెంకు పురుగు దాన్ని దాటడం నేర్చుకుంది, అంతే.

ఇప్పుడు అసలు విషయం. ఆపరేషన్లో డాక్టరు చేతి గ్లోవు రబ్బరు, మూత్రం గొట్టం చాలాచోట్ల రబ్బరే. మొదటి కాన్పులో మీకు పడనిది ఇంజక్షనా, రబ్బరా అన్నది ఇన్నేళ్ల తర్వాత నేనిక్కడ కూర్చుని చెప్పలేను. కానీ తేలకుండా రెండోసారి బల్ల ఎక్కకూడదు. పాత కేస్ షీట్ దొరికితే తీసుకోండి, అప్పుడిచ్చిన మందుల పేర్లు అందులో ఉంటాయి. ఈ వారంలోనే మీ గైనకాలజిస్టుకు ఈ జవాబు చూపించండి. రబ్బరుకు, అరటికి ఐజీఈ (ఎలర్జీ తెచ్చే ప్రతిరక్షకం) రక్తపరీక్ష చేయించుకోండి, గర్భిణులు నిశ్చింతగా చేయించుకోవచ్చు. చర్మం మీద గుచ్చి చూసే పరీక్షను కాన్పయ్యేదాకా వాయిదా వేస్తాం. ఈలోగా మరొకటి గుర్తు చేసుకుని చెప్పండి: మీ మొదటి బిడ్డ పుట్టినరోజుకు బెలూన్లు ఊదినప్పుడు పెదాలు దురద పెట్టాయా? దీనికి మీ జవాబు ఒక్కోసారి ల్యాబ్ రిపోర్టంత పనిచేస్తుంది.

రబ్బరు ఎలర్జీ అని తేలితే భయపడేదేం లేదు. రబ్బరు లేని గ్లోవ్స్, సిలికాన్ గొట్టంతో, పొద్దున్నే మొదటి కేసుగా ఆపరేషన్ చేస్తారు. అంతకుముందు కేసుల్లో వాడిన గ్లోవ్స్ పొడి గాల్లో తేలకుండా ఉండటానికే 'మొదటి కేసు' అంటాం. మత్తు డాక్టరుకు మీరే నోరు తెరిచి చెప్పండి, షీట్‌లో రాసి ఉందిలే అనుకోవద్దు. పళ్ల డాక్టరు దగ్గరా అంతే. కండోమ్ కూడా రబ్బరేనని మీ ఆయనకు చెప్పండి, రబ్బరు లేనివి మందుల షాపుల్లో అడిగితే తెప్పిస్తారు.

ప్లాంట్‌లో రేపటి నుంచే పౌడర్ లేని నైట్రైల్ గ్లోవ్స్ (రబ్బరు చెట్టు పాలు కలవనివి) అడగండి. సూపర్‌వైజరు గొణిగితే డాక్టరు చీటీ చూపించండి. మీ పక్కన కూర్చున్నామె పౌడర్ గ్లోవ్స్ వేసుకున్నా మీకు ఇబ్బందే, ఆ పొడి రబ్బరు ప్రొటీన్‌ను గాల్లో మోసుకొస్తుంది. అమెరికాలో ఆస్పత్రుల పౌడర్ గ్లోవ్స్‌ను 2017 నుంచి నిషేధించడానికి ఇదీ ఒక కారణం. నైట్రైల్ వేసుకున్నా మర్నాటికి చేతులు పొలుసులు కట్టి మండుతుంటే అది వేరే రకం, గ్లోవ్స్ తయారీలో కలిపే రసాయనాల వల్ల వచ్చేది. దానికి చర్మవైద్యుల్ని కలవాలి.

పండిన అరటి పూర్తిగా మానండి. పంచామృతంలోదీ, రేపు సీమంతంలో ఒళ్లో పోసేవీ అంతే, కళ్లకద్దుకుని పక్కన పెట్టేయండి. బొప్పాయిని గర్భిణులకు మన పెద్దలు ఎలాగూ పెట్టరు, ఈసారికి వాళ్ల మాటే విందాం. మామిడి కూడా ఈ చుట్టాల్లో ఒకటే గానీ, ఇప్పటిదాకా తిని ఏమీ కాకపోతే మానమని చెప్పను. 'ఇంకోసారి కొంచెం తిని చూద్దాం' అనే పరీక్ష మాత్రం ఇంట్లో పెట్టుకోకండి. ఒట్టి దురదకు సెట్రిజిన్ అనే ఎలర్జీ మాత్ర సాధారణంగా ఇస్తాం, మీ డాక్టర్ని అడిగి ఇంట్లో ఉంచుకోండి. గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతులైనా మాత్రకు టైము లేదు. ఎడమ పక్కకు తిరిగి పడుకుని, ఆయాసంగా ఉంటే దిండ్లకు ఆనుకుని, 108 పిలిపించండి. అప్పుడు కావాల్సింది తొడ కండకు అడ్రినలిన్ ఇంజక్షన్. గర్భిణి అని ఎవరైనా వెనకాడితే, గర్భిణి కాబట్టే త్వరగా ఇవ్వాలని చెప్పండి.

బిడ్డ సంగతి: రబ్బరు ఎలర్జీ రక్తంలో దిగి రాదు. ఎలర్జీలు వచ్చే తత్వం మాత్రం కొంత వారసత్వంగా రావచ్చు, ఏది పడదో ఆ బిడ్డ ఒంటి ఇష్టం. వాళ్లకు రాకుండా ఉండాలని ఇప్పుడు మీరు పల్లీలు, పాలు, గుడ్లు మానేయడం వల్ల ఉపయోగం లేదు, బలహీనపడటమే మిగులుతుంది. ఆరో నెలలో అన్నప్రాసన అయ్యాక బిడ్డకు మెత్తగా చిదిపిన చక్కెరకేళి పెట్టుకోవచ్చు. పెట్టేది మాత్రం మీరు కాదు, మీ అత్తగారు.